మూల పలచన

మా షీటు చుట్ట మేమే తెచ్చుకున్నాం,
కారు వెనక సీట్లో, చంటిపిల్లకి కట్టినట్టు బెల్టు కట్టి.
వాళ్ల షీటు మీద వాళ్ల మిషను
ఎప్పుడూ ముద్దుగానే నడుస్తుందని
ఇరవై ఏళ్లుగా చూస్తున్నదాన్ని.

ప్లోవ్‌దివ్‌లో బయల్దేరేటప్పటికి ఇంకా చీకటి.
స్తోయన్ ఇల్లు కుదువపెట్టాడు. ఆ మాట వాడు చెప్పలేదు,
స్టీరింగు పట్టుకున్న తీరు చెప్పింది.
ఎద్రెనె దగ్గర మరిత్స ఏరు రోడ్డు పక్కకొచ్చింది.
ఒడ్డు రెల్లులో తెల్లగా ఏవో చిక్కుకుని ఉన్నాయి.
నేను కిటికీ అద్దం దించలేదు.
మా పెరుగు కప్పులు కావచ్చు,
పాస్‌పోర్టు లేకుండా మాకంటే ముందే దాటినవి.
పది నిమిషాల కొలువు చేసి
నా మునిమనవల కంటే ఎక్కువ బతికేవి.
తెలుసు. తెలిసే ఈ పని చేస్తున్నాను.

ఇస్తాంబుల్ శివార్లలో ఆ షెడ్డు
ఆసుపత్రి కంటే శుభ్రంగా ఉంది.
తుర్గుత్ అనే కుర్రాడు, ఇస్త్రీ మడత చెడని చొక్కా,
మొదటి మిషను ముందు నిలబెట్టాడు.
నిమిషానికి ముప్పై ఐదు దెబ్బలు,
దెబ్బకి ఇరవై నాలుగు కప్పులు.
స్తోయన్ పెదాలు కదిలాయి, గుణించుకుంటున్నాడు.

నేను హీటరు వైపు చూశాను.
చల్లగా ఉంటే షీటు మాట వినదు,
మరీ కాగితే నడుం వాల్చేస్తుంది.
మధ్యలో ఒక్క క్షణం ఉంటుంది,
పాలు తోడుపెట్టే గోరువెచ్చన లాంటిది,
చిటికెన వేలికి తప్ప తెరకి తెలియనిది.
ఈ మిషను ఆ క్షణం కోసం ఆగదు.
దాటేసి పోతుంది.

కప్పు తీసి దీపానికి పట్టాను.
గోడలు బాగున్నాయి, అంచు బాగుంది.
అడుగున, మలుపు తిరిగే మూల దగ్గర
ఉల్లిపొర.
మైక్రోమీటరు జేబులోనే ఉంచుకున్నాను,
బొటనవేలు నొక్కగానే అది చెప్పేసింది.

"దెబ్బలు తగ్గిస్తే మూల నిండుతుంది" అన్నాడు తుర్గుత్.
తగ్గిస్తే, మరి ఈ ధర ఎందుకు?
అది నేను అడగలేదు. వేరేది అడిగాను:
"లోపల ఇరుక్కుంటే చెయ్యి ఎటునుంచి పెట్టాలి?"

"ఇరుక్కోదండీ."

స్తాన్కా ముంజేతి మీద మచ్చలు
వరసగా ఉంటాయి, హీటరు పలకల కొలతలోనే.
మా పాత మిషను కూడా ఇరుక్కోదనే అమ్మారు.
చేతులు కాలాక పట్టుకోవడానికి
మా ఫ్లోరులో ఆకులు దొరకవు.

షెడ్డు చివర రెండోది ఉంది.
రంగు వెలిసింది, ఇరవై రెండు దెబ్బలే.
దాని దగ్గరున్న హిక్మెత్‌కి మా భాష రాదు, నాకు అతనిది రాదు.
నేను చేత్తో ఇరుక్కోవడం చూపించాను.
అతను పక్క తలుపు తెరిచాడు.
హీటరు తనంతట తను వెనక్కి జరిగి,
పెద్దవాళ్లొస్తే లేచి నిలబడినట్టు నిలబడింది.
అచ్చుల మధ్య హిక్మెత్ తన చెయ్యి పెట్టాడు.
పెట్టి, తీయలేదు.
నా కళ్లలోకి చూస్తూ అలాగే నిలబడ్డాడు,
టీ తాగేంతసేపు.

తిరుగు దారిలో స్తోయన్ లెక్కలు పైకే చేశాడు.
పదమూడు దెబ్బలు తక్కువ,
అప్పు తీరడానికి రెండేళ్లు ఎక్కువ.
నేను ఊఁ కొట్టలేదు, కాదనలేదు. ఇల్లు నాది కాదు.
సరిహద్దు దగ్గర లారీల వరస.
కాపలావాడు నా ఒళ్లో సంచి చూసి ఏమిటన్నాడు.
ఖాళీ కప్పులన్నాను. నవ్వి పంపేశాడు.

రెండో మిషను కప్పులో నీళ్లు పోసి
డాష్‌బోర్డు మీద పెట్టాను.
గతుకుల్లో తొణికింది. కారలేదు.
ఊరి దీపాలు కనపడేదాకా
స్తోయన్ దాన్నే చూస్తూ నడిపాడు, నాకు భయమేసింది కూడా.

అప్పుడడిగాడు:
"స్తాన్కా రేపు ఏ షిఫ్టు?"